శాంక్షన్ కాలేదంటప్పా

ముదిగుబ్బలో బస్సు దిగి హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఒక అరగంట కూచోండి. చుట్టుపక్కల పల్లెల నుంచి మండలాఫీసు పనికో, బ్యాంకు పనికో వచ్చినవాళ్ళు ఫోన్లో ఇంటికి కబురు చెప్తుంటారు. "ఇల్లు శాంక్షన్ ఐందంట." "పింఛను రిజెక్ట్ కొట్టినారు." "లోను పెండింగులో ఉందంటప్పా, ఎన్ఓసీ తెమ్మంటాండారు." "వేలిముద్ర అలౌ చెయ్యడంలే, మళ్ళా రమ్మన్నారు."

ఇందులో ఎవరికీ ఇంగ్లీషు రాదు. కానీ ఒకరు ఇస్తే పుచ్చుకోవాల్సినదీ, ఒకరు కాదంటే ఊరుకోవాల్సినదీ ఏదైనా సరే, దాని పేరు ఇంగ్లీషులోనే ఉంది. చేను, వాన, ఎద్దు, అప్పు, ఆకలి తెలుగులో ఉన్నాయి. అనుమతి మాత్రం ఇంగ్లీషులో ఉంది. "అనుమతి" అనే మాటే చూడండి, టీ కొట్టు దగ్గర ఎవరి నోటా రాదు. అది జీవోల్లో, పేపర్లలో బతుకుతోంది.

దీన్ని భాషాభిమానుల ఫిర్యాదుగా రాయడంలేదు. "తెలుగులో మాటలు లేవా?" అని గుండెలు బాదుకునే వ్యాసాలు చాలా వచ్చాయి. నాకు ఆసక్తి వేరే ఉంది. ఈ మాటల చివర వచ్చే తెలుగు క్రియల్ని గమనించండి. శాంక్షన్ "అయింది", శాంక్షన్ "కాలేదు", అప్రూవల్ "పడింది", పెండింగులో "ఉంది". ఇచ్చినవాడు ఎక్కడ? కాదన్నవాడు ఎక్కడ? వాన పడినట్టు అప్రూవల్ పడుతుంది, వాన రానట్టు శాంక్షన్ రాదు. మొత్తంలో ఒక్క "రిజెక్ట్ కొట్టినారు"లోనే మనిషి కనిపిస్తాడు. అదీ బహువచనంలో, పేరు లేకుండా.

ఇదివరకు ఇలా లేదు.

*

పాత తెలుగులో అనుమతికి అసలైన మాట "సెలవు". ఇప్పుడు మనకి సెలవంటే ఆదివారం, దసరా. ఉత్తరం చివర "ఇక సెలవు". కానీ పెద్దవాళ్ళు మాట్లాడితే "సెలవిచ్చారు" అనేవాళ్ళు. రాజు చెప్పిందీ సెలవే, గురువు చెప్పిందీ సెలవే. ఇంటికొచ్చిన చుట్టం లేచి "సెలవిప్పించండి" అంటే వెళ్ళడానికి అనుమతి అడుగుతున్నాడన్నమాట. పాత లెక్కల్లో సెలవు అంటే ఖర్చు కూడా. తమిళంలో ఈ రోజుకీ అదే అర్థం. వీటన్నిటి వెనకా ఉన్నది "చెల్లు" అనే ధాతువు: సాగడం, నడవడం, చెలామణీ కావడం. నాణెం చెల్లుతుంది, మాట చెల్లుతుంది. సెలవంటే నువ్వు చెల్లుతావు, నిన్ను సాగనిస్తాం అని.

ఇంగ్లీషు వాళ్ళ "లీవ్" కూడా సరిగ్గా ఇదే దారిలో నడవడం నాకు భలే అనిపిస్తుంది. అందులో రెండు వేరు వేరు పాత మాటలు కలిసిపోయి ఒకేలా తయారయ్యాయి. ఒకటి వదిలివెళ్ళడం, రెండోది అనుమతి. ఆ రెండో దానికి ఇష్టం, ప్రేమ అనే అర్థాలున్న మాటలతో చుట్టరికం ఉంది. "టేక్ లీవ్" అంటే మొదట్లో వెళ్ళడానికి అనుమతి పుచ్చుకోవడం. ఆఫీసులో లీవు, పట్టాల మీద పాసు, మన సెలవు, చెల్లు: రెండు భాషలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే ఒకే పోలికని కనిపెట్టాయి. మనం బడిలో రాసిన మొట్టమొదటి ఇంగ్లీషు ఉత్తరం ఏది? జ్వరం వచ్చింది, దయతో రెండు రోజులు లీవ్ గ్రాంట్ చెయ్యమని. నోట్లో తిరిగిన మొదటి ఇంగ్లీషు వాక్యం ఏది? గుమ్మం దగ్గర చెయ్యి చాచి "మే ఐ కమిన్ సార్". అనుమతి అడగడంతోనే మనకి ఇంగ్లీషు మొదలైంది. అందులో కవిత్వం, కథ, శాస్త్రం ఉన్నాయని తర్వాతెప్పుడో తెలిసింది.

సెలవుకి నోరు ఉంది. ఎవరో ఒకరు ఎదురుగా కూచుని ఇవ్వాలి. కాదనాలన్నా మొహం చూసి కాదనాలి. ఇది పెద్ద సద్గుణమని చెప్పను. పాలెగాడి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి ఆ నోటి మాట ఎంత భయమో ఊహించొచ్చు. కానీ ఎవరి దగ్గరికి పోవాలో, ఎవర్ని తిట్టుకోవాలో వాడికి తెలుసు.

*

నోటి మాట కాగితమైంది పారసీ మాటలతో. విజయనగరం పోయాక ఈ ప్రాంతం గోల్కొండ, మొఘల్, మరాఠా, మైసూరు, నిజాముల చేతులు మారింది. దొరలు మారినా దఫ్తరం భాష పెద్దగా మారలేదు. అర్జీ, దరఖాస్తు, హుకుం, పర్వానా, మంజూరు, రద్దు. ఇవన్నీ ఇప్పటికీ మన నోళ్ళలో ఉన్నాయి, అసలు అర్థాలు మర్చిపోయాం, అంతే. దరఖాస్తు అంటే పారసీలో కోరిక. రద్దు అరబ్బీలో తిప్పికొట్టడం, వెనక్కి తిప్పెయ్యడం. ఇంగ్లీషు "రిజెక్ట్" లాటిన్ మూలంలో వెనక్కి విసిరెయ్యడం. వాళ్ళూ వీళ్ళూ కాగితాన్ని ఒకే రకంగా విసిరారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది "మంజూరు". ఇది "నజర్" అనే మాటకి బంధువు. మంజూరు అంటే చూడబడింది. అంతే. దొర కన్ను పడితే చాలు, పని అయినట్టే. వాట్సాప్‌లో నీలం టిక్కులు చూసి జవాబు కోసం ఎదురుచూసే మన తరానికి ఇది బాగా అర్థమవుతుంది. మనకి చూడటం ఒకటి, ఒప్పుకోవడం ఇంకొకటి. ఆ దర్బారులో రెండూ ఒకటే.

ఇంకో మాట "రహదారి". ముదిగుబ్బ మీదుగా అనంతపురం నుంచి కదిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీదే మనం టీ తాగుతున్నాం. ఒకప్పుడు రహదారీ అంటే రోడ్డు కాదు. దారిలో కాపలా వాడికి చూపించాల్సిన చీటీ, వాడికి కట్టాల్సిన సుంకం. ఆ చీటీ పోయింది, సుంకం మాత్రం టోల్‌గేటు పేరుతో అక్కడక్కడ మిగిలింది, అనుమతి పేరు దారికే స్థిరపడింది.

1800 అక్టోబరులో నిజాం ఈ జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. కొంతకాలం అనంతపురమే ఆయన మకాం. ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్ళని అణిచి, పొలం పొలం కొలిపించి, రైతుకీ సర్కారుకీ మధ్య ఎవరూ లేని రైత్వారీ పెట్టాడు. ఆయన్ని ఈ సీమలో జనం పొగిడిన తీరు వింత. పిల్లలకి ఆయన పేరు పెట్టుకున్నారు. మంత్రాలయం మఠం భూముల మీద విచారణకి వెళ్తే రాఘవేంద్రస్వామి బృందావనం లోంచి ఆయనతోనే మాట్లాడారని, అక్షింతలు ఇచ్చారని, భూములు మఠానికే ఉంచేశాడని భక్తులు చెప్పుకునే కథ మీకు తెలిసే ఉంటుంది. కలెక్టరుకి కూడా పైనుంచి సెలవు కావాల్సి వచ్చిందన్న కథ అది.

కథ అలా ఉంచితే, మన్రో ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయే ముందు 1807 ఆగస్టులో పైవాళ్ళకి రాసిన ఉత్తరం ముఖ్యమైంది. శిస్తు చాలా ఎక్కువగా ఉంది, అన్ని భూముల మీదా నూటికి 25 వంతులు తగ్గించండి, బావుల కింద సాగయ్యే భూములకి ఇంకో 8 వంతులు తగ్గించండి అన్నాడు. దాంతోపాటు ఇంకొకటి కూడా అడిగాడు. ఏడాది చివర రైతు తన శక్తిని బట్టి కొంత భూమి వదిలెయ్యాలన్నా, కొత్తది తీసుకోవాలన్నా స్వేచ్ఛ ఉండాలన్నాడు. భూమి తీసుకోవడానికి అనుమతి కావాలంటే మనకి ఆశ్చర్యం లేదు. వదిలెయ్యడానికి కూడా అనుమతి కావాల్సి వచ్చిందన్నది ఆగి చూడాల్సిన విషయం. చినుకు పడని ఏడు, మోయలేని శిస్తు, "ఈ చేను నాకొద్దు దొరా" అంటే కుదరదు. ఆ ప్రతిపాదన పైన ఒప్పుకోలేదు. రైత్వారీనే పక్కనపెట్టి ఊళ్ళకి ఊళ్ళు కౌలుకిచ్చే పద్ధతి తెచ్చారు. మన్రో 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే దత్తమండలాల్లో శిస్తు తగ్గింపు జరిగింది. పదమూడేళ్ళు పెండింగు అన్నమాట. అప్పటికి ఆ మాట ఇక్కడికి రాలేదు, అంతే తేడా.

మన్రో గవర్నరైన సంవత్సరమే కడపకి ఒక కుర్ర ఉద్యోగి వచ్చాడు. సి. పి. బ్రౌన్. మనం ఆయన్ని వేమన కోసం తలుచుకుంటాం. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న వేమనకీ, కడపలో పద్యాల ప్రతులు పోగేసిన బ్రౌనుకీ ఈ నేల ఉమ్మడి. కానీ బ్రౌన్ చేసిన పనుల్లో తక్కువ మంది పట్టించుకున్నది ఒకటుంది. 1852లో జిల్లా నిఘంటువు అని ఒకటి, 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకి మిశ్రభాషా నిఘంటువు ఒకటి వేశాడు. కచేరీ మాటల కోసం వేరే నిఘంటువులు ఎందుకు కావాల్సివచ్చాయి? అర్జీ తెలుగులో మొదలై పారసీ మాటలతో నడిచి ఇంగ్లీషు సంతకంతో ముగుస్తుంది. రాసేవాడికి దొర భాష రాదు, దొరకి వాడి భాష రాదు, మధ్యలో గుమాస్తాకి మూడూ వచ్చు. తెలుగునాట మధ్యవర్తి అనే జాతి అక్కడ పుట్టింది. ఇప్పటికీ దాని వంశం అంతరించలేదు.

*

ఇంగ్లీషు మాటలు ఒకేసారి రాలేదు. ఒక్కో మాట ఒక్కో వస్తువుని పట్టుకుని వచ్చింది.

రైలుతో "లైన్ క్లియర్" వచ్చింది. 1890ల మొదట్లో ధర్మవరం నుంచి పాకాలకి మీటర్ గేజి పడింది, ముదిగుబ్బకి స్టేషనొచ్చింది. ఇలాంటి సింగిల్ లైన్ల మీద తర్వాతి కాలంలో ఒక పద్ధతి ఉండేది. పెద్ద వలయానికి తగిలించిన తోలు సంచిలో ఒక ఇనప గుండో బిళ్ళో పెట్టి స్టేషన్ మాస్టరు డ్రైవరుకి అందిస్తాడు. అది చేతిలో ఉంటేనే తర్వాతి స్టేషను దాకా పట్టాలు నీవి. కదులుతున్న బండి లోంచి పాత వలయం విసిరెయ్యడం, కొత్తది భుజానికి తగిలించుకోవడం చూసిన పిల్లలు దాన్ని జన్మలో మర్చిపోరు. చేత్తో పట్టుకోగలిగిన అనుమతి అంటే అదే. 2010 ప్రాంతంలో ఆ లైను బ్రాడ్ గేజి అయింది. ఆ మాట మాత్రం పట్టాలు దిగి పేపర్లలోకి వెళ్ళింది. ప్రాజెక్టుకి లైన్ క్లియర్, సినిమా విడుదలకి లైన్ క్లియర్, మంత్రి పదవికి గ్రీన్ సిగ్నల్. అనుమతి అనే మాట వాడకుండా తెలుగు సబ్ ఎడిటర్లు నూరేళ్ళుగా రైల్వే మాటలతో నెట్టుకొస్తున్నారు.

అడవితో "పర్మిట్" వచ్చింది. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చాక నిన్నటిదాకా ఊరిదైన గుట్ట రిజర్వు అయింది. మేక మెయ్యాలంటే కాగితం, కట్టె కొట్టాలంటే కాగితం. మెట్ట సీమలో పంట పోయిన ఏడు మనిషిని బతికించేది ఆ మేకే. దానికి గడ్డి మీద హక్కు ఉందో లేదో చెప్పే మాట దానికీ తెలీదు, దాని యజమానికీ తెలీదు. పల్నాడులో ఈ పుల్లరి గొడవే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతుని బలి తీసుకుంది.

ఇక "పాసు". ఈ మాట దగ్గర నవ్వు ఆగిపోతుంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మళ్ళీ రాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకల వంటి కులాల్ని మూకుమ్మడిగా ఆ జాబితాలో చేర్చారు. ఉప్పు బండ్లు తోలుకుని, గంపలు అల్లుకుని, ఊరూరూ తిరిగి సోది చెప్పుకుని బతికినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ బతుకు తిరగడంలోనే ఉంది. అలాంటి మనుషులు వేలిముద్ర వేసి, చెప్పిన వేళకి హాజరు పలికి, ఊరు దాటాలంటే పాసు చూపించాలి. పాసు లేకపోతే అదే నేరం. వేరే నేరం చెయ్యక్కర్లేదు. స్టువర్టుపురం, సిద్ధాపురం లాంటి సెటిల్మెంట్లు అలా పుట్టాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకి, 1952 ఆగస్టు 31న, దేశమంతటా ఆ చట్టం పోయింది. ఒక మనిషి పక్క ఊరి సంతకి పోవడానికి ఇంకొకడి చీటీ కావాల్సిన రోజులు మన తాతల కాలంలోవి, ఎక్కడో దక్షిణాఫ్రికాలోవి కావు.

*

వీటన్నిటి కంటే పెద్ద అనుమతి ఒకటి ఉంది. కరువుకి.

ధాత నామ సంవత్సరపు కరువు, 1876 నుంచి 78 దాకా, ఈ పీఠభూమిని ఎలా ఊడ్చేసిందో 1881 జనాభా లెక్కల్లో బళ్ళారి, కర్నూలు జిల్లాల అంకెలు చూస్తే తెలుస్తుంది. అనంతపురం అప్పటికి బళ్ళారిలో భాగం. వేరే జిల్లా అయింది 1882లో. కదిరి తాలూకా కడపలో ఉండేది, 1910లో ఇటు వచ్చింది. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి సాయం పనుల్లో కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాసిని డబ్బులు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని వాదించాడు, గట్టిగా పోరాడాడు. కొన్ని నెలలకి పెంచారు. ఆ మధ్య నెలల సంగతి ఎవరికి వారే ఊహించుకోవాలి. అసలు సూత్రం ఏంటంటే, ఆకలి నిజమైనదేనా అని పరీక్షించాలి. ఇంటికి దూరంగా వెళ్ళి, రాళ్ళు కొట్టి, ఆ కూలికి ఒప్పుకుంటేనే నీది నిజమైన ఆకలి.

1880లో కరువు కమిషన్ నివేదిక, 1883లో మద్రాసు కరువు కోడ్ వచ్చాయి. మంచి కోసమే రాశారు, చాలా ప్రాణాలు కాపాడాయి కూడా. కానీ అప్పటి నుంచి కరువు రావడం వేరు, కరువు "డిక్లేర్" కావడం వేరు. ముందు "టెస్ట్ వర్క్" తెరుస్తారు. జనం తగినంత మంది వస్తే అప్పుడు కరువు ఉన్నట్టు. ఈ తేడా ఇప్పటికీ అలాగే ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకి అటూఇటూ వాన పడే జిల్లాలో, జూలైలో వేరుశనగ విత్తనం భూమిలో మాడిపోతే, ముదిగుబ్బ "కరువు మండలం" అవునా కాదా అన్నది ముదిగుబ్బ చెప్పదు. 2016లో సవరించిన కేంద్ర మాన్యువల్ ఉంది. అందులో వాన లోటు మొదటి "ట్రిగ్గర్". ఆ తర్వాత పంట విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, మట్టిలో తేమ, చెరువుల్లో నీళ్ళు. చివరికి పొలాల్లో తనిఖీ. అన్నీ కుదిరితే కరువుకి అనుమతి వస్తుంది. "మన మండలం డిక్లేర్ ఐందా?" అని సీమ రైతు అడిగితే అది ఎన్నికల ఫలితం గురించి కాదు.

నీళ్ళ సంగతీ అంతే. 2002 వాల్టా చట్టం వచ్చాక బోరు వెయ్యడానికి పర్మిషన్ కావాలి. భూగర్భ జలం అడుగంటుతున్న చోట ఆ నియమం అవసరమే, నేను కాదనను. కానీ పల్లెలో మీరు అడిగి చూడండి. పర్మిషన్ రాక ఆగిన బోర్ల గురించి ఎవరూ చెప్పరు. పర్మిషనూ, లోనూ, బోరు లారీ అన్నీ వచ్చాక దుమ్ము మాత్రమే లేచిన బోర్ల గురించి చెప్తారు.

*

స్వాతంత్ర్యం వచ్చాక ఈ మాటలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. 1959లో స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు రాజాజీ ఈ పాలనని "పర్మిట్ లైసెన్స్ రాజ్" అన్నాడు. ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు మన ఎన్. జి. రంగా. లైసెన్స్ అన్న మాట వెనక లాటిన్‌లో ఉన్నది "చెయ్యొచ్చు" అన్న అర్థమే. అదే మూలం నుంచి ఇంగ్లీషులో విచ్చలవిడితనానికి కూడా మాట పుట్టింది. అనుమతి ఎక్కువైతే ఏమవుతుందో ఆ భాషకి ముందే తెలుసు.

"శాంక్షన్" ఇంకా విచిత్రం. లాటిన్‌లో పవిత్రం చెయ్యడం, చట్టంగా స్థిరపరచడం దాని మూలార్థం. చట్టాన్ని నిలబెట్టేది ఒప్పుకోలు కావచ్చు, శిక్ష కావచ్చు. అందుకని ఆ ఒక్క మాటకీ రెండు ఎదురెదురు అర్థాలు. మన పేపరు తెరవండి. జిల్లా పేజీలో "రోడ్డుకి నిధులు శాంక్షన్". అంతర్జాతీయ పేజీలో "ఇరాన్‌పై అమెరికా ఆంక్షలు". ఇంగ్లీషులో రెండూ ఒకే మాట. మనవాళ్ళు ఒకదాన్ని అనువదించారు, రెండోదాన్ని అలాగే ఉంచేశారు. వచ్చేదానికి ఇంగ్లీషు, ఆగేదానికి తెలుగు.

ఈ మాటలకున్న బలం ఎంతో చూపించే కథ ఒకటి మన జిల్లాదే. నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. 1962లో రెండోసారి ముఖ్యమంత్రయ్యాడు. అప్పట్లో జిల్లా తర్వాత జిల్లా బస్సు రూట్లని జాతీయం చేస్తున్నారు. 1939 మోటారు వాహనాల చట్టం కింద ప్రైవేటు బస్సుకి "స్టేజి క్యారేజి పర్మిట్" ప్రాణం. అది పోతే బస్సు ఇనప రేకే. జిల్లాల వరుస మార్చి కర్నూలు జిల్లా రూట్లని ముందుకు తెచ్చారని, అక్కడి బస్సు యజమానులు తన రాజకీయ ప్రత్యర్థులు కావడమే కారణమని ఆరోపిస్తూ వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆరోపణ నేరుగా ముఖ్యమంత్రి మీదే. దాన్ని కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వెయ్యలేదు. 1964 మొదట్లో కోర్టు ఆ పథకాలు దురుద్దేశంతో చేసినవని కొట్టేసింది. ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశాడు. ఎవరూ బలవంతపెట్టకముందే దిగిపోయాడని ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు చాలామంది, అందులో న్యాయం ఉంది. పదమూడేళ్ళ తర్వాత రాష్ట్రపతి కూడా అయ్యాడు. నాకు మాత్రం ఆ కేసులో అసలు ఆకర్షణ వేరే. "పర్మిట్ రద్దయింది" అనే కర్త లేని వాక్యానికి కోర్టు కర్తని వెతికి, పేరు పెట్టి చూపించింది. మన చరిత్రలో అలా ఎన్నిసార్లు జరిగింది?

అన్నట్టు, ఆ పర్మిటే ఇప్పుడు మందు షాపు పక్క గదికి పేరైంది. పర్మిట్ రూమ్. బహుశా తెలుగువాళ్ళు మనస్ఫూర్తిగా ప్రేమించిన ఏకైక పర్మిట్ అదే.

ఎవరూ కాదనకుండానే కాదనడం ఎంత దూరం పోగలదో చూడాలంటే చుక్కల భూముల దగ్గరికి రావాలి. బ్రిటిష్ కాలంలో రీసెటిల్మెంట్ రిజిస్టరు రాసినప్పుడు యజమాని ఎవరో తేలని చోట గుమాస్తా పేరుకి బదులు చుక్కలు పెట్టి వదిలేశాడు. ఇది సర్కారుదనీ రాయలేదు, ఫలానా వాడిదనీ రాయలేదు. చుక్కలు, అంతే. ఆ నేలని మూడు నాలుగు తరాలు దున్నాయి, అమ్ముకున్నాయి, కూతుళ్ళకి పసుపు కుంకుమ కింద ఇచ్చాయి. తర్వాత రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలు తయారైనప్పుడు ఆ చుక్కలు మేలుకున్నాయి. పెళ్ళికో ఆస్పత్రికో ఎకరం అమ్ముకుందామని పోతే "ట్వంటీటూ ఏలో ఉంది" అన్నారు. వందేళ్ళ కింద ఎవరో కలం ఎత్తకుండా పెట్టిన చుక్క ఈ రోజు "నో" అయింది. 2017లో వీటికోసం ప్రత్యేక చట్టం తెచ్చారు. పన్నెండేళ్ళ స్వాధీనం చూపిస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. మళ్ళీ దరఖాస్తు. మళ్ళీ కోరిక. 2023లో రెండు లక్షల ఎకరాలకి పైగా భూమిని ఒకేసారి ఆ జాబితా లోంచి తీసేశారు. పత్రికల్లో "చుక్కల భూములకు విముక్తి" అని రాశారు. విముక్త జాతులకి వాడిన మాటే భూమికీ వాడాల్సి వచ్చింది.

*

కదిరి వైపు పల్లెల నుంచి, కడప జిల్లా నుంచి కువైట్‌కి ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది. వాళ్ళ దగ్గర ఇంకో మాటల మూట ఉంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు "ఈసీఆర్". అంటే దేశం వదలడానికి ముందు క్లియరెన్స్ కావాలి. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడమనిషికి ఇంటి పనికోసం ఆ క్లియరెన్స్ ఇవ్వరు. రక్షణ కోసమే ఆ నియమం. కానీ ఇరవై ఆరేళ్ళకే భర్త పోయి అప్పు మిగిలినావిడకి ముప్ఫై వచ్చేదాకా ఆగే తీరిక ఉండదు, ఏజెంటు వేరే దారి చూపిస్తాడు. అక్కడికి చేరాక కఫీల్ అనుమతి లేనిదే పని మారకూడదు. అకామా చూసుకోవాలి. భరించలేక ఇల్లు వదిలి పారిపోయినవాళ్ళని "ఖల్లివెల్లి" అంటారు. అరబ్బీలో "పోతే పోనీ" అన్న ఊతపదం అది, మనవాళ్ళ నోట్లో పడి అనుమతి లేకుండా బతికే మనిషికి పేరైంది. తిరిగి రావాలంటే ఎంబసీ నుంచి "ఔట్‌పాస్". 2018లోనూ, 2020లోనూ కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఆ కాగితం కోసం ఎంతమంది వరసల్లో నిలబడ్డారో వాళ్ళ ఇళ్ళల్లో అడిగితే చెప్తారు.

పోయిన వేసవిలో కదిరి నుంచి అనంతపురం పోతుంటే ముదిగుబ్బలో ఒక జేజి ఎక్కి నా పక్క సీట్లో కూచుంది. ఒళ్ళో బియ్యం సంచి, చేతిలో స్పీకర్ పెట్టిన ఫోను. అవతల కూతురు, కువైట్ నుంచి. ఊళ్ళో జాతర ఎప్పుడో, ఎవరింట్లో పెళ్ళో అన్నీ అయ్యాక జేజి అడిగింది.

"మరి నీకు ఎప్పుడిస్తారంటమ్మా సెలవు?"

"లీవు శాంక్షన్ కాలేదుమా ఇంకా."

"కాలేదంటే? ఇయ్యనన్నాడా వాడు?"

"అట్లా అనలేదు లేమా."

"మరేమన్నాడు?"

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. సిగ్నల్ పోయిందేమోనని జేజి ఫోను తీసి చూసుకుని, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.